సౌండు పెరిగింది, లాగుడు పోయింది: నా 350కి షార్ట్ బాటిల్ వేసిన కథ

పోయిన ఎండాకాలం సంగతి ఇది. అప్పటికే నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి షార్ట్ బాటిల్ అనే పొట్టి సైలెన్సర్ వేయించి ఉన్నా. నాయన్ని కంటి డాక్టర్ దగ్గర చూపించేదానికి తిరుపతికి పిలిపించినా, ఆ పని అయిపోయినాక బోరు మోటరుకి స్టార్టర్ డబ్బా ఒకటి కొనుక్కొని దాన్ని ఒళ్ళో పెట్టుకొని నాయన వెనక కూర్చున్నాడు, నేను బండి ఊరి వైపు తిప్పినా. చంద్రగిరి దాటి రంగంపేట దాటిందాకా ఏం తెలీలా. భాకరాపేట ఘాట్ ఎక్కినాక మొదలైంది. ముందర లారీ ఉంది, మలుపులో స్పీడు పడిపోయింది, లారీ పక్కకి తప్పుకున్నాక మూడో గేర్లోనే ఎక్సలేటర్ తిప్పితే బండి పైకి పోవాల్సింది పోయి దడదడా కొట్టుకుంటా ఉంది. రెండుకి దించితే గానీ కదల్లేదు. ఇదే ఘాట్‌ని ఇదే బండితో, ఇదే నాయనతో, ఒకసారయితే శనక్కాయల మూట కూడా వేసుకొని మూడో గేర్లోనే ఎక్కినోణ్ణి నేను. వెనకనుంచి నాయన ఏందో అరస్తా ఉన్నాడు, ఆ సైలెన్సర్ మోతలో నాకు ఒక్క ముక్క వినపడలా. ఘాట్ పైన బండి ఆపి ఏంది నాయనా అంటే, "ఏంలేదురా, బండికి గొంతు లేచింది, కాళ్ళు పడిపోయినాయి అంటా ఉన్నా" అన్నాడు.

మా నాయన టూ వీలర్ నడపడు. ఇంజన్ గురించి ఆయనకి తెలిసిందల్లా బోరు మోటరు, ఒకప్పుడు ఊళ్ళో ఉన్న కిర్లోస్కర్ డీజిల్ ఇంజను. అయినా నేను రెండు నెలలు నాకు నేనే ఒప్పుకోని విషయాన్ని ఒక్క మాటలో చెప్పేసినాడు.

బండి 2014 క్లాసిక్ 350, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపేది) మాడల్, 346 సీసీ. కంపెనీ లెక్క ప్రకారం 19.8 బీహెచ్‌పీ (హార్స్ పవర్) 5250 ఆర్పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి 5250 చుట్లు తిరిగేటప్పుడు, 28 న్యూటన్ మీటర్ల టార్క్ 4000 దగ్గర. ఎవరికీ చెప్పకుండా ఒక ఆదివారం పొద్దున పోయి షార్ట్ బాటిల్ సైలెన్సర్ వేయించుకొచ్చినా. అమ్మినాయన, పేరెందుకులే, "అన్నా ఇది ఫ్రీ ఫ్లో, కనీసం రెండు హార్స్ పవర్ పెరుగుతాది, గ్యారంటీ" అన్నాడు. ఏం గ్యారంటీ, బిల్లే ఇయ్యలా. ఆయన చెప్పిన రెండు హార్స్ పవర్ యాడ కొలిచినాడు, ఏ డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద కొలిచినాడు అని నేనూ అడగలా. స్టార్ట్ చేయంగానే అదిరే మోత వినపడింది, షాపు ముందర ఇద్దరు కాలేజీ పిల్లోళ్ళు తిరిగి చూసినారు, ఇంకేం కావాల. పాత సైలెన్సర్ని గోనె సంచిలో చుట్టి మంచం కింద తోసేసినా.

నిజం చెప్పాలంటే మొదటి వారం బండి స్పీడు పెరిగినట్లే అనిపించింది. ఇదే అసలు మోసం. మనం స్పీడుని కళ్ళతో కంటే చెవుల్తో ఎక్కువ కొలస్తాం. అంతకుముందు 60లో పోతా ఉంటే డుగ్ డుగ్ అని నిదానంగా వినపడేది, ఇప్పుడు అదే 60లో ఊరు లేచిపోతా ఉంది, కాబట్టి బండి కష్టపడి లాగతా ఉందని బుర్ర అనుకుంటాది. నాలాంటోళ్ళు తిరుపతిలో ఎంతమంది ఉన్నారో ఎయిర్ బైపాస్ రోడ్డులో సాయంత్రం నిలబడితే తెలుస్తాది.

సరే, టార్క్ అంటే ఏంది, హార్స్ పవర్ అంటే ఏంది అనేది ముందు తేల్చుకుందాం, ఎందుకంటే షాపులోళ్ళు, యూట్యూబులోళ్ళు ఈ రెండు మాటల్ని కలిపి కొట్టి మనల్ని ముంచుతా ఉంటారు. మా ఊళ్ళో పాత దిగుడు బావి దగ్గర కపిల తోలిన రాళ్ళు ఇంకా ఉన్నాయి. చిన్నోళ్ళకి తెలీదేమో, కపిల అంటే ఎద్దులు మోకుని లాగతా పల్లంలోకి దిగతా ఉంటే బావిలోనుంచి బాన నిండా నీళ్ళు పైకొచ్చి కాలవలో పడతాయి, మళ్ళీ ఎద్దులు వెనక్కి నడుస్తాయి, బాన కిందికి పోతాది. ఇప్పుడు ఎద్దులు ఒక్క లాగుడులో ఎంత పెద్ద బాన లేపగలవు అనేది టార్క్. గంటకి ఎన్ని బానలు తోడినాయి అనేది హార్స్ పవర్. పెద్ద బాన నిదానంగా లాగే జత ఒకటి, చిన్న బానని గబగబా లాగే జత ఇంకొకటి, సాయంత్రానికి రెండూ ఒకే మడి తడపొచ్చు. హార్స్ పవర్ అనే మాట కూడా ఇట్లాంటి లెక్కనుంచే పుట్టింది, జేమ్స్ వాట్ ఆవిరి ఇంజన్లు అమ్ముకునేటప్పుడు ఇది ఇన్ని గుర్రాల పని చేస్తాది అని చెప్పేదానికి. మన బండి కాగితాల్లో ఉండే పీఎస్ అంటే 75 కేజీల బరువుని ఒక సెకనులో ఒక మీటరు పైకి ఎత్తే పని, అంతే.

లెక్క కూడా పెద్ద కష్టం కాదు. ఆ ఆర్పీఎం దగ్గర ఉండే న్యూటన్ మీటర్లని ఆర్పీఎంతో గుణించి 7023తో భాగిస్తే పీఎస్ వచ్చేస్తాది. నా బండికి 4000 దగ్గర 28 ఉంది, గుణించి భాగిస్తే దగ్గర దగ్గర 16 పీఎస్. 5250 దగ్గర ఉండే 19.8 బీహెచ్‌పీ అంటే దాదాపు 20 పీఎస్, వెనక్కి లెక్కేసుకుంటే ఆడ టార్క్ 27కి కొంచెం తక్కువే, అంటే టార్క్ తగ్గతా ఉన్నా తిరిగే వేగం పెరిగింది కాబట్టి పవర్ పెరిగింది. ఇప్పుడు మా అక్క కొడుకు బండి చూడండి, పల్సర్ ఎన్ఎస్ 200, బీఎస్6 (కొత్త పొగ నిబంధన) ది. దాని టార్క్ 18.7 మాత్రమే, అది కూడా 8000 దగ్గర, కానీ పవర్ 24.5 పీఎస్, 9750 దగ్గర. చిన్న బాన, గబగబా. నాది పెద్ద బాన, నిదానం. అందుకే సాపు రోడ్డులో వాడు నన్ను దాటేసి పోతాడు, లోడుతో మెల్లిగా ఎక్కేటప్పుడు వాడు గేర్లు తొక్కతానే ఉంటాడు. మెకానిక్ షెడ్డులో పికప్పు, పుల్లింగు అంటా ఉంటారే, అది చానా వరకు కింది ఆర్పీఎంలో ఉండే టార్క్ గురించే. నేను వాడేది 2000నుంచి 3500 మధ్యలో, అంతకు మించి 350ని తిప్పేది ఎప్పుడో ఒకసారి. ఆ 5250 దగ్గర రెండు కాదు మూడు హార్స్ పవర్ పెరిగినా నాకు ఒరిగేదేం లేదు.

మరి పైపు మారిస్తే ఈ టార్క్ ఎందుకు మారాల? సైలెన్సర్ అంటే పొగ బయటికి పోయే గొట్టం, ఎంత వదులుగా ఉంటే అంత మంచిది కదా అనే నేనూ అనుకుంటా ఉన్నా. అదేం కాదని మా షెడ్డు అన్న చెప్పినాడు, తర్వాత నేను కూర్చొని చదువుకున్నా, అది నాకు అర్థమైనట్లు చెప్తా.

మంట మండినాక పిస్టన్ కిందికి పోతా ఉంటాది కదా, అది పూర్తిగా కిందికి చేరకముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటాది. లోపల ఇంకా ప్రెషర్ ఉంటాది, కాబట్టి గ్యాస్ ఒక్కసారిగా బెండ్ పైపులోకి, అంటే ఇంజన్నుంచి సైలెన్సర్ దాకా పోయే పైపులోకి దూకుతాది, మనకి వినపడే డుగ్ అదే. ఈ దూకుడుతో పాటు ఒక ప్రెషర్ అల కూడా పైపులో పరిగెత్తుతాది, గ్యాస్ కంటే చానా ముందు, ఆ వేడిలో సెకనుకి 500 మీటర్ల పైనే. ఆ అల పైపు చివర, అంటే పైపు ఒక్కసారిగా వెడల్పయ్యే చోటికి పోంగానే తలకిందులై వెనక్కి తిరుగుతాది. పోయేటప్పుడు నెట్టిన అల వచ్చేటప్పుడు పీల్చే అల అవుతాది. ఆ పీల్చేది సరిగ్గా ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోబోయే ముందర, ఇన్‌లెట్ వాల్వ్ అప్పుడే తెరుచుకునేటప్పుడు, రెండూ కొంచెం కొంచెం తెరిచి ఉండే ఆ క్షణంలో వాల్వ్ దగ్గరికి చేరిందా, లోపల మిగిలిన పాత పొగని లాగేసి కొత్త గాలిని కూడా కొంత లోపలికి గుంజుతాది. సిలిండర్ బాగా నిండుతాది, టార్క్ పెరుగుతాది. తప్పు టైంకి పీల్చే అల బదులు నెట్టే అల వచ్చిందనుకో, పాత పొగ లోపలే ఉండిపోతాది, టార్క్ పడిపోతాది. పైపు అదే, ఇంజన్ అదే, ఒక ఆర్పీఎంలో మేలు చేసేది ఇంకో ఆర్పీఎంలో చెరుపు చేస్తాది.

ఇక్కడ నాకు మజా అనిపించిన లెక్క ఒకటుంది. 4000 ఆర్పీఎంలో ఇంజన్ ఒక చుట్టు తిరిగేదానికి 15 మిల్లీ సెకన్లు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పటినుంచి ఆ రెండు వాల్వులూ తెరిచి ఉండే క్షణం దాకా సుమారు మూడింట రెండొంతుల చుట్టు, అంటే 10 మిల్లీ సెకన్లు. సెకనుకి 550 మీటర్లు పోయే అల 10 మిల్లీ సెకన్లలో ఐదున్నర మీటర్లు తిరుగుతాది, పోను రాను కాబట్టి పైపు రెండు మీటర్ల ముప్పావు పొడవు ఉండాల. బండి పొడవే అంత లేదప్పా! కాబట్టి మన బళ్ళలో మొదటి అల కాదు, రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరిగి నీరసపడిన అల పని చేస్తా ఉంటాది. నిదానంగా తిరిగే ఇంజన్‌కి పొడుగు పైపు కావాల, 10,000 పైన తిరిగే రేస్ ఇంజన్‌కి పొట్టి పైపు సరిపోతాది. నేను చేసింది ఏంది, నిదానంగా తిరిగే ఇంజన్‌కి పొట్టిది తెచ్చి తగిలించినా.

పైపు లావు సంగతి కూడా అంతే. రెండించుల డెలివరీ మోటరుకి నాలుగించుల పైపు వేస్తే నీళ్ళు చివర్లో ఎట్లా వస్తాయో రైతు బిడ్డలకి చెప్పాల్సిన పని లేదు, వస్తాయి కానీ విసురు ఉండదు. గ్యాస్‌కి ఆ విసురే కావాల, ఎందుకంటే బయటికి పోతా ఉండే గ్యాస్ తన ఊపుతో వెనక ఉండే దాన్ని కూడా గుంజుకుపోతాది. కింది ఆర్పీఎంలో గ్యాస్ తక్కువ, లావు పైపులో అది తేలిపోతాది, ఊపు చచ్చిపోతాది. పై ఆర్పీఎంలో గ్యాస్ జాస్తి, అప్పుడు సన్న పైపు ఇరుకవుతాది. అందుకే పైన పెరిగేది కింద కొంచెం తీసుకొని పెరుగుతాది. కంపెనీ ఇంజనీర్లు ఇదంతా చూసుకొనే ఒక సైజు పెట్టింటారు, శబ్దం, పొగ నిబంధనల కోసం కొంత వదులుకొని ఉంటారు, అది వేరే సంగతి.

టీ కొట్టు దగ్గర దీని గురించి పెద్ద వాదన కూడా అయింది. ఒకాయన "బ్యాక్ ప్రెషర్ లేకపోతే టార్క్ రాదు, అందుకే నీ బండి పడిపోయింది" అంటాడు. ఈ మాట అందరి నోటా వింటాం, కానీ తప్పు. పొగ బయటికి పోకుండా అడ్డం ఉండటం ఏ ఇంజన్‌కీ మంచి చేయదు, పిస్టన్ ఆ అడ్డాన్ని తోసేదానికి ఉన్న బలం కొంత ఖర్చు పెట్టాల. మేలు చేసేది అడ్డం కాదు, గ్యాస్ విసురు, ఆ అల తిరిగొచ్చే టైము. సన్న పైపులో రెండూ కలిసే కనపడతాయి కాబట్టి జనం ఒకదాని మంచితనం ఇంకోదానికి అంటగట్టేసినారు. ఆయన ఒప్పుకోలా, నేనూ గమ్మునుండలా, టీ చల్లారిపోయింది.

ఇంతకీ నా బండి అంత ఘోరంగా పడిపోయేదానికి పైపు పొట్టితనం ఒక్కటే కారణం కాదు. ఘాట్ సంగతి జరిగిన మరుసటి వారం షెడ్డుకి పోతే అన్న బండి స్టార్ట్ కూడా చేయలా, ముందు బెండ్ పైపు చూసినాడు. వాల్వ్ దగ్గర క్రోమ్ నీలంగా, పసుపుగా మారింది, పావురం మెడ మాదిరి. "ఎన్నాళ్ళయింది ఇట్లా రంగు తిరిగి?" అన్నాడు. నేను దాన్ని స్టైల్ అనుకున్నానని చెప్పలా. తర్వాత ప్లగ్ విప్పి అరచేతిలో పెట్టినాడు. మామూలుగా లేత ఇటుక రంగులోనో, బిస్కెట్ రంగులోనో ఉండాల్సిన ప్లగ్ పింగాణీ సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంది, చివర్లో సన్న సన్న బొబ్బలు. లీన్ అయిపోయింది, అంటే గాలి జాస్తి పెట్రోలు తక్కువ. పొగ సులువుగా బయటికి పోయే పైపు వేస్తే ఇంజన్ ఊపిరి మారుతాది, కార్బొరేటర్‌లో జెట్ (పెట్రోలు వదిలే సన్న రంధ్రం) మాత్రం పాత పైపు లెక్కకే పెట్రోలు వదుల్తా ఉంటాది. పెట్రోలు పూర్తిగా మండేదానికి ఒక గ్రాముకి 14.7 గ్రాముల గాలి లెక్క, కానీ గట్టి లాగుడు కావాలంటే 12.5, 13 దగ్గర, అంటే పెట్రోలు కొంచెం చిక్కగా ఉండాల. అన్న దీన్ని ఒక్క మాటలో తేల్చేసినాడు: "సంగటికి ఎసరు పెంచి పిండి అంతే వేస్తే ఏమవుతాది సామీ? జావ."

ఎక్సలేటర్ వదిలినప్పుడు టప్ టప్ టపా అని పేలతా ఉండేది, దాన్ని కూడా నేను రేసింగ్ సౌండు అని మురిసిపోయినా. లోపల సరిగా అంటుకోని పెట్రోలు ఆవిరి వేడి పైపులోకి పోయి, యాడనో గాలి దొరకంగానే ఆడ మండతా ఉంటాది, అదే ఆ పేలుడు. నా దాంట్లో షాపాయన పైపు అతుకులో వేసే పాత గ్యాస్కెట్టే మళ్ళీ వేసి బిగించినాడు, ఆ సందులోనుంచి గాలి పీల్చుకుంటా ఉంది. గ్యాస్కెట్ దగ్గర నల్లగా మసి గీత పడి ఉంటే లీకని గుర్తు, అది అన్న వేలుపెట్టి చూపించేదాకా నాకు కనపడలా. లీన్‌తో చానా రోజులు నడిపితే ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతాది, పిస్టన్‌కి కూడా దెబ్బే, అప్పుడు సైలెన్సర్ రేటు కాదు, ఇంజన్ బోరు పని రేటు గుర్తుకొస్తాది.

మెయిన్ జెట్ రెండు నంబర్లు పెద్దది వేసి, స్క్రూ సెట్ చేసి, కొత్త గ్యాస్కెట్ పెట్టినాడు. తేడా వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాల. పేలడం దాదాపు పోయింది, ప్లగ్ రంగు తిరిగింది, పై గేర్లో సాఫీగా లాగింది. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది, చెవులతో కాదు గడియారంతో కొలుద్దాం అని. పొద్దున ఐదున్నరకి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, శ్రీనివాస మంగాపురం దాటినాక ఉండే సాపు రోడ్డులో నేనూ మా స్నేహితుడూ పోయినాం. టాప్ గేర్లో 40 దగ్గర స్థిరంగా పెట్టుకొని ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి 70 చేరేదాకా వాడు వెనక కూర్చొని ఫోన్లో స్టాప్ వాచ్ నొక్కతాడు. పోయేటప్పుడు మూడు సార్లు, వచ్చేటప్పుడు మూడు సార్లు, ఎందుకంటే గాలి, ఎత్తు పల్లం అటొకటి ఇటొకటి ఉంటాయి. గేరు మార్చకుండా కొలిస్తే కింది టార్క్ ఉన్నదున్నట్లు బయటపడుతాది, క్లచ్ పనితనం కలవదు. రెండో రోజు గోనె సంచిలోది తీసి, జెట్ వెనక్కి మార్చి, అదే రోడ్డు, అదే టైము, అదే మనిషి, పెట్రోలు కూడా దాదాపు అంతే. పాత సైలెన్సర్‌తో ఆరింట్లో ఐదు సార్లు ముందే చేరింది, సగటున సెకను పైన తేడా. జెట్ సరిచేసినాక కూడా! డైనో కాదు, స్పీడోమీటర్ ముల్లు నమ్మేది ఎంత అని మీరంటారు, నిజమే, కానీ రెండు రోజులూ అదే ముల్లు కదా.

షార్ట్ బాటిల్ గెలిచింది ఒక్క దాంట్లో, బరువులో. పాత సైలెన్సర్ చేత్తో ఎత్తితే తెలుస్తాది, ఇనప దుంగ మాదిరి ఉంటాది, లోపల గదులు, అడ్డ రేకులు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. కొత్తది తేలిక. 190 కేజీల దగ్గర ఉండే బండికి మూడు నాలుగు కేజీలు తగ్గితే ఏం లాభమంటే, నేను రోజూ పొద్దున ఇడ్లీ ఒకటి తగ్గించుకున్నా అంతే లాభం వచ్చింటాది.

ఇదంతా చదివి పైపు మారిస్తే ఏ బండికీ లాభం రాదు అనుకోవద్దండి, టూ స్ట్రోక్ సంగతి వేరే. మా చిన్న మామకి ఆర్ఎక్స్ 100 ఉండేది, 98 సీసీ, 11 పీఎస్. ఆ బండికి ఎగ్జాస్ట్ వాల్వ్ లేదు, పిస్టనే సిలిండర్ గోడలో ఉండే రంధ్రాల్ని తెరస్తా మూస్తా ఉంటాది, కాబట్టి లోపలికొచ్చిన కొత్త పెట్రోలు గాలి నేరుగా ఎగ్జాస్ట్ రంధ్రంలోనుంచి బయటికి జారిపోతాది. దాన్ని ఆపేది పైపే. టూ స్ట్రోక్ పైపు మధ్యలో ఉబ్బి చివర సన్నబడుతాది చూడండి, ఆ ఉబ్బే భాగం పీల్చే అలని పంపుతాది, సన్నబడే భాగం నెట్టే అలని వెనక్కి పంపి బయటికి జారిన కొత్త గాలిని మళ్ళీ సిలిండర్లోకి తోస్తాది. అంటే ఆ పైపు సగం ఇంజన్. దీన్ని 1950లలో తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ సాన పట్టినాడు, 1961కి 125 సీసీ ఇంజన్లోనుంచి 25 హార్స్ పవర్ తీసినాడు, అంటే లీటరుకి 200. అదే సంవత్సరం వాళ్ళ రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు దగ్గరనుంచి దేశం వదిలి పారిపోయి ఆ గుట్టంతా సుజుకీకి చేరేసినాడు, 1962లో సుజుకీ మీదనే 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయినాడు. ఒక సైలెన్సర్ ఆకారం కోసం దేశాలు దాటినారంటే చూడండి. మా మామ ఊళ్ళో ఎవడో చెప్పినాడని ఆ ఉబ్బిన భాగం కోసి సాదా గొట్టం వెల్డింగ్ చేయించినాడు. మోత మూడు వీధులు, బండి మాత్రం టీవీఎస్ 50 కంటే కొంచెం మేలు. లోపల సౌండు తగ్గించే జాలీ ఒక్కటి తీసుంటే సౌండుతో పోయేది, ఈయన ఏకంగా ఇంజన్లో సగం కోసి పాత సామాన్ల బండోడికి వేసినాడు.

మా అక్క కొడుకు ఇప్పుడు నన్ను రోజూ అడగతా ఉన్నాడు, మామా నా ఎన్ఎస్‌కి స్లిప్ ఆన్ వేయిస్తా అని. వానికి చెప్పిందే ఇక్కడా చెప్తా. ఇప్పటి బళ్ళకి, అంటే 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్ళకి, పెట్రోలు లెక్క ఈసీయూ, అంటే బండిలో ఉండే కంప్యూటర్ చూసుకుంటాది. పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటాది, నిదానంగా పోయేటప్పుడు అది చూసి ఈసీయూ మిక్చర్ని 14.7 దగ్గర సరిచేసుకుంటా ఉంటాది, కాబట్టి చిన్న చిన్న మార్పుల్ని కొంతవరకు తట్టుకుంటాది. కానీ ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు చానా బళ్ళలో సెన్సర్ మాట వినదు, కంపెనీ రాసిపెట్టిన మ్యాప్ (పెట్రోలు లెక్కల పట్టీ) ప్రకారమే పోసేస్తాది, ఆ మ్యాప్‌కి నీ కొత్త పైపు సంగతి తెలీదు. పైగా స్లిప్ ఆన్ అంటే చివర డబ్బా ఒక్కటే మారడం, బెండ్ పైపు, ఎక్కువ బళ్ళలో క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్) కూడా అట్నే ఉంటాయి, అసలు ట్యూనింగ్ అంతా ఉండేది ఆ ముందు భాగంలోనే. కాబట్టి ఎక్కువలో ఎక్కువ చేతికి తెలీనంత మార్పు, చెవికి మాత్రం పెద్ద మార్పు. నిజంగా పవర్ కావాలంటే ఫుల్ సిస్టమ్, గాలి ఫిల్టర్, డైనో మీద మ్యాప్ రాయించడం, మూడూ కలిసి చేయించాల, అది రేస్ ట్రాక్‌కి పోయేటోళ్ళ పని. క్యాట్ తీసేస్తే పొల్యూషన్ నిబంధన కూడా దాటినట్లే. వాడు అంతా విని "సరే మామా, సౌండు మాత్రం వస్తాది కదా" అన్నాడు.

సౌండు వస్తాది, చలానా కూడా వస్తాది. 175 సీసీ పైన ఉండే బళ్ళకి కంపెనీ దగ్గర టెస్ట్‌లో 80 డెసిబెల్స్ దాటకూడదు, 80నుంచి 175 సీసీ దాకా అయితే 77. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు, 10 పెరిగితే చెవికి రెట్టింపు వినపడుతాది, కాబట్టి 80 చోట 90 అంటే కొంచెమే కదా అనుకోవద్దు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో 190(2) కింద శబ్దం, పొగ నిబంధన దాటితే మొదటిసారికే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదంటే రెండూ, దానికి తోడు మూడు నెలలు లైసెన్స్ రద్దు. చాలా ఊళ్ళలో పోలీసులు సైలెన్సర్లని వరసగా పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నన్నయితే ఎవరూ ఆపలా, నా అదృష్టం. నన్ను ఆపింది రుయా ఆసుపత్రి ముందర ఒక పెద్దామె. రాత్రి తొమ్మిదప్పుడు, గేటు పక్కన చేతిలో క్యారియర్ పట్టుకొని రోడ్డు దాటబోతా ఉంది, నేను గేరు దించి రేస్ ఇచ్చేసరికి ఉలిక్కిపడి క్యారియర్ జారవిడిచింది. సాంబారు రోడ్డు పాలు. తిట్టలా, వంగి మూత ఏరుకుంటా ఉంది. నేను బండి దిగి పక్క హోటల్లో కొనిస్తానంటే, వద్దులే నాయనా పో అనింది. ఆ రాత్రి ఇంటికి వచ్చేదాకా మూడో గేర్లోనే, ఎక్సలేటర్ ముట్టీ ముట్టనట్లు వచ్చినా.

మంగాపురం దగ్గర పరీక్ష అయిన రోజు వేసిన పాత సైలెన్సర్ మళ్ళీ తియ్యలా. షార్ట్ బాటిల్ ఇప్పుడు గోనె సంచిలో, మంచం కింద. అమ్మేద్దామంటే కొనేటోడికి జెట్ సంగతి, గ్యాస్కెట్ సంగతి, ఇదంతా చెప్పాల, చెప్తే ఎవరు కొంటారు.

పోయిన వారం స్టార్టర్ డబ్బా మళ్ళీ కాలిపోయిందని నాయన తిరుపతికి వచ్చినాడు, ఈసారి వేరేది కొన్నాం. భాకరాపేట ఘాట్‌లో మళ్ళీ లారీ, మళ్ళీ మలుపు. మూడో గేర్లోనే, నిదానంగా డుగ్ డుగ్ అంటా తేరుకొని పైకి లేచింది. నాయన వెనక కూర్చొని ఫోన్లో ఎలక్ట్రీషియన్‌తో గొడవ పెట్టుకున్నాడు, "ఫేజు చూసుకోకుండా వైరు ఎట్లా ఇచ్చినావురా నువ్వు" అని. చివరిదాకా ప్రతి మాటా నాకు వినపడింది.